కుర్చీకి సరిగ్గా పైన

“సార్, చైర్మన్ సారు కుర్చీకి సరిగ్గా పైన ఎవడో స్లాబుకు పొక్క కొట్టిండు, ఇక్కడ వంగి చూస్తే కింద ఆయన కుర్చీ సీటు కనబడుతున్నది.”

కిషన్‌బాగ్‌లోని ఒక ట్రస్టు ఆసుపత్రి మిద్దె మీద, బోనాల మరునాడు ఉదయం, వాన వెలిసిన వేళ ముగ్గురు నిలబడి ఉన్నారు: ఆసుపత్రి వ్యవహారాలన్నీ చూసే వామన్‌రావు, ఈ ఏడు మిద్దె మరమ్మతు పని ఒప్పుకున్న రాహేలు, పైపులూ పంపులూ చూసే గుండయ్య.

“వంగకు రాహేలమ్మా. అంచు తడిగా ఉంది, జారుతుంది.”

“ఏం కాదు సార్. గుండన్నా, టార్చి ఇటు పట్టు.”

“టార్చి ఎందుకక్కా, కింద లైటు వెలుగుతనే ఉన్నది. పొద్దుగాల నేను రూము తలుపు తీసేసరికి కుర్చీ నానుతున్నది. తోలు కుర్చీ, ఇంత మందం మెత్త. ఇప్పుడు దాంట్ల కూసుంటే సారుకు ఇగ తానం జెయ్యాల్సిన పని లేదు.”

“గుండయ్యా.”

“తప్పైంది సారూ.”

“ఎవరి పని అయి ఉంటుందమ్మా? నీ అంచనా ఏమిటి?”

“అంచనా తర్వాత సార్. ముందు నాకొకటి చెప్పుండ్రి. మెట్లెక్కి వస్తుంటే డయాలిసిస్ వార్డు ఖాళీగ కనబడ్డది. మనుషులేరి?”

“కిందికి దింపించాను. గ్రౌండ్ ఫ్లోర్‌లో పాత డయాలిసిస్ గది ఉంది కదా, స్టోరు సామాను పడేసి ఉండేది. ఖాళీ చేయించి మిషన్లు అక్కడ పెట్టించాను.”

“నీళ్లు పడ్డది చైర్మన్ సారు రూముల. వార్డు ఎందుకు దింపిన్రు?”

“రెంటి మీదా ఒకటే స్లాబు. పోయిన వారం నువ్వే కదా చెప్పావు.”

“చెప్పిన. మీరు వింటున్నట్టు కూడ లేరు అప్పుడు. కాయిదాలు సర్దుకుంట కూసున్నరు.”

“చైర్మన్ గారు ఎదురుగా ఉన్నారు కదమ్మా.”

“ఆయన ఉంటే మీకు నోరుండదా?”

“ఉంటుంది. తెరవను. అలవాటైపోయింది.”

“మంచి అలవాటే. మరి ఆ పాత గదిల నీళ్ల లైను? డయాలిసిస్ మిషన్‌కు మామూలు నల్లా నీళ్లు నడవయి కదా.”

“నేను కలిపిన అక్కా. శనివారం నాడే సారు అన్నడు, పాత లైను ఒకసారి కడిగి పెట్టు గుండయ్యా అని. నేను అనుకున్న, మూతపడ్డ గదికి లైను ఎందుకు, సారుకు ఏదో పని తోచక చెప్తున్నడు అని. చూస్తే ఇయాల పనికొచ్చె.”

“శనివారమేనా?”

“వానాకాలం కదమ్మా. ఎందుకైనా మంచిదని. అది వదిలెయ్. ఇప్పుడు అసలు సంగతి విను. చైర్మన్ గారు ఫోన్ చేశారు. పన్నెండు గంటల షిఫ్టు మళ్లీ పై వార్డులోనే నడవాలట. రేపు దాతలు వస్తున్నారు, వాళ్లకు వార్డు చూపించాలి. స్టోరు గదిలో రోగుల్ని పడుకోబెట్టారంటే పరువేం కావాలి అన్నారు.”

“మరి ఈ పొక్క?”

“మూసెయ్యమన్నారు. మూసి, మొత్తం మిద్దె మీద ఇంకో పొర కోబా వేయించమన్నారు. బయలుదేరి వస్తున్నారు.”

“ఇంకో పొరనా?”

“ఆయన మాట అది.”

“సార్, ఇటు రండి. రండి, భయపడకుండ్రి, దూలం ఇక్కడి నుంచే పోతది, గట్టి జాగ. ఇప్పుడు మీ చెయ్యి ఇందుల పెట్టుండ్రి.”

“నేనెందుకమ్మా?”

“పెట్టుండ్రి సార్. ఇంకా లోపలికి. మోచేయి దాక పోయిందా? స్లాబు తగిలిందా?”

“లేదు.”

“తగలదు. గిదంత కోబానే. ఇటుక ముక్కలు, సున్నం, సిమెంటు. ఒక కోబా పాడైతే దాన్ని తోడి పారేసి కొత్తది వెయ్యాలె. ఇక్కడ ఎవడూ తోడలే. వానలు మొదలైతున్నయంటే కొబ్బరికాయ కొట్టుడు, పాతదాని మీద కొత్తది పోసుడు. ఈ అంచు చూడుండ్రి. కింద ఎర్రది. దాని మీద తెల్లది. దాని మీద పెంకులు. పెంకుల మీద తారు. తారు మీద మళ్ల కోబా. చలికి ముసలమ్మ చీర మీద చీర చుట్టుకున్నట్టు.”

“మరి ఎవరూ ఎందుకు తీయలేదు?”

“తీస్తే చప్పుడైతది, దుమ్ము లేస్తది, వార్డు మూసెయ్యాలె. మీద పోస్తే కింద పడుకున్నోనికి గూడ తెల్వదు. నీళ్లు ఆపుతున్నం అనుకున్నరు సార్ అందరు. బరువు పెంచుకుంట పోయిన్రు. ఆ స్లాబు తన బరువు, నాలుగు మనుషుల బరువు మోసేటందుకు పోసింది. దాని నెత్తిన మిద్దె మీద మిద్దె కట్టినట్టు కట్టిన్రు. పోయిన వారం వార్డుల పైకప్పు చూసిన. డయాలిసిస్‌కు వచ్చే ముసలామె సుందరమ్మ మంచం పైన కడుపు లెక్క కిందికి దిగింది. సలాకలు బయటపడి తుప్పు ఆమె దుప్పటి మీద రాలుతున్నది.”

“ఆ ముసలామె మస్తు మనిషి అక్కా. మంచం మీద ప్లాస్టిక్ కవరు నాతోనే కట్టించుకున్నది. ఒకనాడు అన్నది, ‘గుండయ్యా, నా నెత్తురంత మిషన్‌ల తిరుగుతుంటది, అప్పుడు గిది కూలిందనుకో, ఉరుకుదామంటే ఈ గొట్టాలు నన్ను ఉరకనిస్తయారా’ అని. నవ్వుకుంటనే అన్నది.”

“విన్నరా సార్?”

“విన్నాను.”

“అందుకే ఆయన ముఖం మీదనే చెప్పిన. పాతది తోడకుండ మీద చెంచాడు సిమెంటు గూడ పొయ్య అన్న. ఆయన ఏమన్నడు? ఆడదానికి మిద్దె పని ఇస్తే గిట్లనే ఉంటది అన్నడు.”

“ఆ గొడవ జరిగింది పోయిన వారం. రంధ్రం పడింది ఇప్పుడు. రాహేలమ్మా, నేను అడగక తప్పదు. ఇది నీ మనుషుల పనా?”

“ఎప్పుడు అడుగుతరా అని చూస్తున్న. కాదు.”

“ఆదివారం మీరంతా ఎక్కడున్నారు?”

“చర్చిల. నేను, నా మనుషులు సగం మంది. మిగిలిన సగం మంది బోనాలల్ల ఎగిరిన్రు. మీరు ఎక్కడున్నరు సార్?”

“ఆదివారమంతా మా ఇంటివాళ్లది గుడి పని. అందరికీ తెలిసిందే.”

“సారోళ్ల ఇంట్లోళ్లు చెయ్యి పెట్టనిదే మా అమ్మోరికి హారతి లేదక్కా.”

“నువ్వెక్కడున్నవు గుండన్నా?”

“నేనా? ఫలహారం బండి ముంగట. అడుగు, బస్తీ అంత చెప్తది. కాలు బెణికేదాక ఎగిరిన.”

“వాచ్‌మెన్ బీరయ్య ఏమంటాడు గుండయ్యా?”

“ఏమంటడు సారూ. బ్రేకర్ మిషన్ చప్పుడు విన్నవా అని అడిగిన. డప్పులు, డీజే, తొట్టెల ఊరేగింపు, అన్నిట్ల నాకు నా చెవులే వినబడలే అన్నడు. ఆదివారం డయాలిసిస్ సెలవు, మనిషి లేడు. కొట్టినోడు మంచి దినం చూసుకున్నడు.”

“సార్, చప్పుడు సంగతి పక్కకు పెట్టుండ్రి. నేను చెప్తా వినుండ్రి. ఇది పనోడు కొట్టింది కాదు.”

“ఎలా చెప్తున్నావు?”

“ఇగో ఇక్కడ సగం కొట్టి ఆపిండు. జర ఇవతల ఇంకొకటి సగం. సలాక తగలంగనే భయపడి జరిగిండు. మా పోరగాళ్లయితే సలాక పక్కనుంచి తొలుచుకుంట పోతరు, గిట్ల ఎలుక తిరిగినట్టు తిరగరు. ఇగ రెండోది. పైన నిలబడితే కింద కుర్చీ ఎక్కడున్నదో దేవునికే తెల్వాలె. కింద రూములకు పోయి, గోడ నుంచి కుర్చీ దాక టేపు పట్టి, అదే కొలత పైన పెట్టాలె. ఆ రూము గడప నేను ఇంతవరకు తొక్కలే. నన్ను నిలబెట్టి మాట్లాడింది వరండాల.”

“అంటే లోపలి మనిషి.”

“లోపలి మనిషే. మూడోది చూడుండ్రి, ఇది నాకు నిజంగ సమజైతలేదు. ఇంత పెద్ద పొక్క కొడితే కింద రూముల పెళ్లలు, దుమ్ము, గంపలు గంపలు పడాలె. గుండన్నా, నువ్వు తలుపు తీసినప్పుడు రూముల దుమ్ము ఉండెనా?”

“లేదక్కా. నీళ్లే. కింద బండలు తళతళ మెరుస్తున్నయి.”

“అంటే కొట్టినోడు ముందు కింద పట్టా పరిచిండు. కొట్టినంక దిగి పెళ్లలు ఎత్తిండు. ఊడ్చిండు. తుడిచిండు గూడ. ఊడ్చి పోయే దుండగీన్ని నేను ఎన్నడు చూడలే సార్.”

“మర్యాదస్తుడై ఉంటాడు.”

“మీకు నవ్వులాట అయితున్నది.”

“లేదమ్మా. చెప్పు. పోలీసులు వచ్చి అడిగారనుకో, ఈ మాటలన్నీ ఇలాగే చెప్తావా? పొరల సంగతి, బరువు సంగతి, సుందరమ్మ మంచం సంగతి?”

“ఎవడొచ్చి అడిగినా ఇదే చెప్త. భయమా నాకు?”

“వాళ్లు నిన్నే అనుమానించినా?”

“అనుమానించనీ.”

“రంధ్రం వల్ల స్లాబు బలహీనపడిందా, స్లాబు ముందే బలహీనంగా ఉందా అంటే?”

“ముందే. ఈ పొక్క వల్ల తట్టెడు బరువు తగ్గింది, అంతే. రూము చిన్నది, నాలుగు దిక్కుల గోడలున్నయి, అక్కడ స్లాబు నిలబడ్డది. వార్డు పెద్ద హాలు, నడిమిట్ల గోడ లేదు. కూలితే అక్కడ కూలుతది. ఎన్నిసార్లు చెప్పించుకుంటరు సార్ నాతోని?”

“ఇంకొక్కసారి చెప్పాల్సి రావచ్చు. గుర్తుపెట్టుకో.”

“అక్కా, ఒక్క మాట. లోపలి మనిషి అన్నవు. ఆ రూము తాళం చెవి నా దగ్గర ఉంటది.”

“నేను నిన్ను అనలే గుండన్నా.”

“నువ్వనవు. ఆయన అంటడు. ఆయన కారు గేట్లకు వచ్చింది.”

“గుండయ్య కాదు. ఆ మాట నేను చెప్తాను.”

“మీరెట్ల చెప్తరు సార్? చూసిన్రా?”

“చెప్తానమ్మా. అంతే. అదిగో, మెట్ల మీద చప్పుడు.”

“అరె క్యా తమాషా హై ఇది. లిఫ్టు ఎందుకు బంద్ పెట్టిన్రు? మూడంతస్తులు ఎక్కించిన్రు నన్ను. వామన్‌రావ్, ఎవరు కొట్టిన్రు నా రూముకు పొక్క?”

“రండి చైర్మన్ గారూ. లిఫ్టు గుంతలో నీళ్లు చేరాయి, ఆపించాను. ఇదే ఆ రంధ్రం. దగ్గరికి వచ్చి చూడండి.”

“ఇక్కడి నుంచి కనబడుతున్నది. ఇదిగో ఈమె. నేను అనుకున్న. పోయిన వారం నామీద గరమైంది, ఈ వారం నా కుర్చీ మీద కసి తీర్చుకున్నది. ఏంది రాహేలూ, ప్రేమ్‌రాజ్ అంటే ఎవరనుకున్నవు?”

“ఆసుపత్రి చైర్మన్ అనుకున్న సార్. నాకు కసి ఉంటే గీ మొరటు పని చెయ్య. నా పని చూసినోళ్లు ఇది నాది అంటే నవ్వుతరు.”

“సవాల్ చేస్తున్నవా? వామన్‌రావ్, పోలీసులకు ఫోన్ కొట్టు. ఈమెను, ఈ గుండయ్యను, ఇద్దర్ని జీపెక్కించు. పరేషాన్ చేసి పెట్టిన్రు పొద్దున్నుంచి.”

“కొట్టుండ్రి సార్ ఫోన్. నేను అదే అంటున్న. రమ్మనుండ్రి.”

“రమ్మంటే ఏం చేస్తవు?”

“నేనేం చెయ్య. వాళ్లే చేస్తరు. ఇక్కడికొచ్చి పంచనామా రాస్తరు. పొక్క ఎంత వెడల్పు, ఎంత లోతు, కొలిచి రాస్తరు. ఎంత లోతు సార్ ఇది? మీరు చెప్పుండ్రి. ఒక కోబా ఎంత మందం ఉంటది, ఇక్కడెంత ఉన్నది? ఏందిది ఇన్ని పొరలు అని ఎస్సై అడుగుతడు. నేను చెప్త. ఆయన ఇంజనీరును పిలుస్తడు. ఇంజనీరు వార్డులకు పోయి నెత్తి పైకెత్తి చూస్తడు. మీ దాతలు రేపొస్తరు కదా, వాళ్లు గూడ చూస్తరు.”

“నడుమ ఇంజనీరు ఎందుకు?”

“ఫోన్ కొట్టుండ్రి సార్. నా ఫోన్ ఇయ్యాల్నా?”

“పోలీసులు వద్దు. ఇంటి మాట బజార్లకు ఎందుకు. అది మన సంస్కారం కాదు. వామన్‌రావ్, పోలీసుల సంగతి ఛోడ్‌దో. పొక్క మూయించు, మీద కోబా పోయించు. ఈమె పొయ్యకుంటే అంజన్‌ను పిలువు, వాని మనుషులు మధ్యాహ్నానికల్ల దిగుతరు. ప్రతి ఏడు పోసేటోడు వాడే.”

“అవును, ఆయనకు ఇక్కడి పొరలన్ని పేరుపేరునా తెలుసు. తనే పోసిండు కదా.”

“నువ్వు నోరు ముయ్. నీ పని ఇక్కడ ఖతం.”

“ఖతం చేసుకోండి సార్. నా ముందరి పని ఎక్కడున్నదో నేను చూసుకుంట. కానీ ఈ పొక్కల ఒక్క బొచ్చెడు సిమెంటు పోసినా, నేను గేటు ముంగట నిలబడి లోపలికి పోయే ప్రతి రోగికి చెప్త, పై వార్డుల పండకుండ్రి అని. మీరు నన్ను ఈడ్పిస్తే రోడ్డు అవతల నిలబడి చెప్త. అక్కడ మీ ట్రస్టు లేదు కదా.”

“అరె, దిమాగ్ ఖరాబా ఈమెకు? వామన్‌రావ్, చూస్తున్నవా?”

“చూస్తున్నాను చైర్మన్ గారూ.”

“చూసుకుంట నిలబడితే అయితదా? గుండయ్యా, నువ్వు పో. పై వార్డుల నీళ్ల లైను కలుపు. పన్నెండుకు పేషెంట్లు పైన ఉండాలె.”

“నేను కలప సారూ.”

“ఏమన్నవు?”

“కలప అన్న. కింద కలిపిన. అక్కడ్నే ఉంటది.”

“నా రూము తాళం నీ దగ్గర ఉన్నదని నాకు తెల్వదనుకున్నవా? నీ నౌకరి ఇప్పుడే తీసేస్త.”

“తియ్యి సారూ. నల్లాలు, మోరీలు లేని ఊరున్నదా? ఎక్కడన్నా బతుకుత. పైన లైను కలిపి, గా ముసలామెను తీస్కపోయి గా కడుపు కింద పండబెట్టి, రాత్రి ఇంటికి పోయి బువ్వ తినుమంటవా? నాతోని గాదు. నువ్వే కలుపుకో. పానా కింద పెట్టిన.”

“వామన్‌రావ్, వీళ్లకు నువ్వు నేర్పినవా గిదంత?”

“లేదండీ. వీళ్లకు ఒకరు నేర్పాల్సింది లేదు.”

“సార్, చైర్మన్ సార్, ఒక చిన్న మాట అడుగుత. పెద్ద మాట కాదు.”

“ఇంకేమున్నది నీకు?”

“మీరు వచ్చినప్పట్నుంచి ఆ మెట్ల గది గోడ పట్టుకొనే నిలబడ్డరు. పొక్క దగ్గరికి రాలే. నడిమిట్లకు రాలే. ఎందుకు?”

“నీళ్లున్నయి. బూట్లు తడుస్తయి.”

“అక్కడ గూడ నీళ్లే ఉన్నయి సార్, మీ బూట్లు తడిసే ఉన్నయి. ఇగో ఇక్కడ, ఆ వార్డు నడిమిట్ల, సుందరమ్మ మంచానికి సరిగ్గ పైన వచ్చి నిలబడుండ్రి. నిలబడి పన్నెండుకు పేషెంట్లను పైకి తెమ్మనుండ్రి. నేను మా పోరగాళ్లను ఇప్పుడే పిలిచి కోబా పోయిస్త. నడువుండ్రి.”

“నేనెందుకు నిలబడాలె?”

“స్లాబు గట్టిగనే ఉన్నది కదా.”

“నీతోని నాకు వాదనేంది. వామన్‌రావ్, నువ్వు మాట్లాడు. నా మాట ఎన్నడన్న కాదన్నవా నువ్వు? నా ట్రస్టుల నాకు మిగిలిన ఒక్క మంచి మనిషివి నువ్వు. కాపలావాన్ని పిలువు. ఈ ఇద్దర్ని కిందికి తోలు. అంజన్‌కు ఫోన్ చెయ్యి. వార్డు పైకి తెప్పించు. వరుసగ చెప్పిన, వరుసగ కానియ్.”

“వార్డు పైకి రాదండీ.”

“ఏంది?”

“రాదు అంటున్నాను.”

“నువ్వు గూడనా?”

“సారూ, చైర్మన్ సారూ, జర ఆగుండ్రి. గేటు దగ్గర పోలీసు జీపు ఆగింది. ఇద్దరు దిగిన్రు. బీరయ్య ఇటు పైకి చెయ్యి చూపిస్తున్నడు.”

“పోలీసులా? నేను వద్దంటిని కదా. ఎవడు పిలిచిండు? నువ్వా రాహేలూ?”

“నేను పిలవలే సార్. పిలవాలని మస్తు ఉండె. నేను అనుకున్నది ఇంకెవరో ముందే చేసిన్రు.”

“గుండయ్యా, నువ్వా?”

“నా ఫోన్‌ల పైసలే లేవు సారూ.”

“మరి ఎవడు?”

“నేను.”

“వామన్‌రావ్?”

“నేనే చైర్మన్ గారూ. పొద్దున మీరు వస్తున్నానని ఫోన్ పెట్టెయ్యగానే, మిద్దె ఎక్కకముందే చేశాను. ఆసుపత్రి మిద్దెకు రంధ్రం కొట్టిన మనిషి మిద్దె మీదే ఉన్నాడు, పారిపోడు, కొలత టేపు తీసుకుని రండి అని చెప్పాను.”

“పిచ్చా నీకు? ఇప్పుడే దిగి పో. ఏదో పొరపాటు అయింది, కేసేం లేదు అని పంపియ్యి.”

“సార్, ఒక్క నిమిషం. మీరు పొద్దున్నుంచి నాతోని ఒక్కటే మాట తిప్పి తిప్పి చెప్పించిన్రు. స్లాబు ముందే చెడిందా అని. శనివారం నాడే లైను కడిగించిన్రు. సార్, మీరు…”

“అవునమ్మా. పోలీసుల ముందు తడబడకుండా చెప్పగలిగిన మనిషివి నువ్వే, అందుకే అన్నిసార్లు అడిగాను. నిన్ను అనుమానించినట్టు మాట్లాడాను, అది మాత్రం మనసులో పెట్టుకోకు.”

“వామన్‌రావ్, ఏం మాట్లాడుతున్నవ్? గుడిల హారతి పట్టేటోనివి నువ్వు. ఆదివారం నువ్వు గుడిల ఉన్నవు.”

“లేను. ఈ ఏడు మా తమ్ముడు పట్టిండు హారతి. నేను ఇక్కడ ఉన్న, మీ రూముకు ఇంకో తాళం చెవి నా దగ్గరుంటది. ఆఫీసు మాటలు చాలు ఇగ, మా ఇంట్ల మాట్లాడినట్టు చెప్త, ఇనుండ్రి. సుందరమ్మ మంచం మీద కారుతున్నదంటే బకెట్ పెట్టుమన్నరు. బకెట్ నిండుతున్నదంటే మంచం జరుపుమన్నరు. సలాకలు బయటపడ్డయంటే సున్నం కొట్టుమన్నరు. అన్నిటికి నేనే తలకాయ ఊపిన. మీ కుర్చీ మీద కారేసరికి పొద్దుగాల్లనే మూడంతస్తులు ఎక్కి వచ్చిన్రు. ఈ పొరలు చూస్తే ఎవనికన్నా సమజైతది, కానీ చూడాలంటే వాటిని కోసిపెట్టాలె. ఎవరికన్నా చెప్తే మీరు మాన్పిస్తరు. నేరమైతే మాన్పించలేరు, దాన్ని కొలిచి రాయాల్సిందే. అందుకే నేరం చేసిన. ఏ కాయిదం మీద సంతకం పెట్టుమంటే ఆ కాయిదం మీద పెడత. గుండయ్యా, నువ్వు దిగి ఎస్సైగారిని మెట్ల మీద నుంచి జాగ్రత్తగ తోల్కరా. ప్రేమ్‌రాజ్ గారూ, గోడ పట్టుకొనే ఉండుండ్రి, మీకు అక్కడే మంచిది. మీ కుర్చీకి టేపు పట్టింది నేను, బ్రేకర్ తెచ్చింది నేను, ఈ పొక్క కొట్టింది నేను. ఇప్పుడు మూయుండ్రి చూస్త.”